రిటైరైన మాస్టారి తిరుగుడు: మాన్పించకండి, కాస్త సర్దండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు బెంగళూరులో, అమ్మానాన్నలు ఊళ్లో. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరై రెండేళ్లయింది. వారంలో రెండు మూడు రోజులు పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని బ్యాంకు, ట్రెజరీ, పోస్టాఫీసు అంటూ బయల్దేరతారు. దారిలో పాత స్నేహితుల ఇళ్లన్నీ చుట్టబెట్టి దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరతారు. పోయిన వారం పోస్టాఫీసు మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడ్డారు. "అన్నీ ఫోన్లోనే అయిపోతాయి కదా, ఈ తిరుగుడు ఎలా మాన్పించాలి?" అని అడిగారు.

మాన్పించకండి. సర్దుబాటు చేయండి. ఎలాగో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేనూ ఆ బాపతు మనిషినే. మాది తెనాలి. ఎనభైల్లో నెలకి 398 రూపాయల మీద స్పెషల్ టీచరుగా చేరి, 2016లో 60 నిండాక హెడ్మాస్టరుగా దిగాను. ఆ 398 అంకె మా తరం వాళ్లకి ఇంటిపేరు లాంటిది. పెన్షనర్ల మీటింగులో "ఆయన 398 బ్యాచ్" అన్నారంటే ఇక వేరే పరిచయం అక్కర్లేదు. మీ నాన్నగారికి రెండేళ్లు ఎక్కువ కలిసొచ్చింది, 2022 జనవరి నుంచి రిటైర్మెంటు వయసు 62 చేశారు కాబట్టి. దిగినప్పటి నుంచీ నాదీ ఇదే తిరుగుడు. పైగా మా పెన్షనర్లలో చాలామందికి అర్జీలు, ఫారాలు రాసిపెట్టేది నేనే. అందుకని ఈ విషయంలో నాకు కాస్త అనుభవం ఉందనే అనుకుంటాను.

ముందు ఆ కళ్లు తిరగడం సంగతి. మీరు ఎండ అనుకుంటున్నారు. కావచ్చు. కానీ నేను అడిగే మొదటి ప్రశ్న వేరు: బయటికి వెళ్లిన రోజు ఆయన నీళ్లు తాగుతున్నారా? తాగరు. పందెం కాస్తాను. ఎందుకంటే మా వయసులో మగవాళ్లకి ప్రోస్టేట్ వాస్తుంది, గంటకోసారి వెళ్లాల్సి వస్తుంది. కౌంటరు ముందు లైనులో నిలబడ్డాక ఎక్కడికి వెళ్తాం? చాలా ఆఫీసుల్లో బాత్రూముకి తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. క్లాసులో వేలు చూపించి బయటికి వెళ్లే పిల్లల్ని ముప్పై ఏళ్లు చూసిన మనిషి, తాను వెళ్లి గుమాస్తాని అడగడానికి నామోషీ పడతాడు. అందుకని పొద్దున్న కాఫీ తరవాత గొంతు తడుపుకోకుండా మధ్యాహ్నం దాకా లాగిస్తాడు. మీకు చెప్పడు, మీ అమ్మగారికీ చెప్పడు. నేనూ మా వాళ్లకి చెప్పలేదు. ఒకరోజు బ్యాంకులో తూలి పడబోతే డాక్టరు గట్టిగా అడిగాక బయటపడింది.

రెండోది మాత్రలు. షుగరుకి గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుంటూ ఉంటే, పొద్దున్నే మాత్ర వేసేసి, ఆలస్యమైపోతోందని రెండు ఇడ్లీలు నోట్లో కుక్కుకుని పోతే పదకొండున్నరకి షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు బైర్లు. బీపీ మాత్రలకి కూడా లేచి నిలబడగానే కళ్లు తిరగడం ఉంటుంది. ఏ మాత్రలు వాడుతున్నారో ఆ చీటీ పట్టుకుని ఒకసారి డాక్టరుకి చూపించండి, ఈ తిరుగుడు సంగతి కూడా చెప్పి. నా జేబులో ఎప్పుడూ బెల్లం ముక్క ఒకటి కాగితంలో చుట్టి ఉంటుంది. తెనాలి వాడి జేబులో బెల్లానికి కరువా అని మా మనవరాలు వెక్కిరిస్తుంది.

ఇప్పుడు పనుల సంగతి. సూత్రాలు చెప్తే మీకు బోరు కొడుతుంది. సంక్రాంతి వెళ్లాక ఒక బుధవారం నా రోజు ఎలా గడిచిందో చెప్తాను, మీకు పనికొచ్చేవి ఏరుకోండి.

బుధవారమే ఎందుకంటే, సోమవారం బ్యాంకుల్లో జనం. రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. నెల మొదటి ఐదు రోజులూ పెన్షన్లు పడే రోజులు, ఆ ఛాయలకే పోను. పదో తారీఖు దాటాక, వారం మధ్యలో, పదిన్నరకి వెళ్తే గుమాస్తా కూడా మొహం ఎత్తి మాట్లాడతాడు. మీ నాన్నగారు తొమ్మిదికే వెళ్లి గేటు దగ్గర నిలబడతారని రాశారు. అది బడి అలవాటు. ఫస్టు బెల్లుకి ముందే ఉండాలి. ఆ గంటసేపు నిలబడటం అనవసరం అని ఆయనకి మీరు చెప్తే వినరు, ఎవరైనా తోటి మాస్టారు చెప్తే వింటారు. ఇది చదివి వినిపించండి.

సంచీ ముందు రాత్రే సర్దుకుంటాను. అందులో పీపీవో (పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చే కాగితం) జిరాక్సు, ఆధార్ జిరాక్సులు మూడు, ఫొటోలు నాలుగు, గమ్ముస్టిక్కు, చదివే కళ్లజోడు, పెన్నులు రెండు. ఒకటి నాకు, ఒకటి అడిగిన వాళ్లకి. బ్యాంకులో దారంతో కట్టిన పెన్ను ఎప్పుడూ రాయదు. ఇవి కాక ఒక చిన్న అట్టముక్క ఉంటుంది. దాని మీద నా పీపీవో నంబరు, సీఎఫ్ఎంఎస్ (రాష్ట్ర ప్రభుత్వ చెల్లింపుల కంప్యూటర్ వ్యవస్థ) నంబరు, ఖాతా నంబరు పెద్ద అంకెలతో రాసుకున్నాను. ఏ కౌంటరులో ఏది అడిగినా ఆ అట్టముక్క తీసి చూపిస్తాను. పిన్ను నంబర్లు మాత్రం దాని మీద రాయకూడదు. ఈ మాట మరీ ముఖ్యం, ఎందుకంటే మా బ్యాచ్‌లో ఒకాయన ఏటీఎం కార్డు వెనకే పిన్ను రాసుకున్నాడు, అదీ చాక్‌పీసుతో బోర్డు మీద రాసినంత అందంగా.

బయల్దేరే ముందు ఆ రోజు పనులు కాగితం మీద రాశాను. ట్రెజరీలో ఒక పని, పోస్టాఫీసులో ఒక పని, మూడు ఇళ్లు. అంతే. ఇంతకు ముందు ఏడెనిమిది రాసేవాణ్ణి. ఒకటి అయ్యేది, మిగతావి చూసి టెన్షన్ పడేవాణ్ణి.

మొదట కొత్తపేటలో జిరాక్స్ షాపు. నడిపేది నా దగ్గర టెన్త్ చదివినవాడు. వాడి బోర్డు మీద "జిరాక్స్ తియబడును" అని ఉంది. ఆరేళ్లుగా చెప్తున్నాను, దీర్ఘం పెట్టరా అని. "మాస్టారూ, మీరు దిద్దడానికి ఉంచాను, లేకపోతే మీరు ఆగరు కదా" అన్నాడు ఈసారి. రెండు జిరాక్సులకి డబ్బు తీసుకోడు, నేను బల్ల మీద పెట్టి వచ్చేస్తాను. ప్రతిసారీ ఇదే తంతు. దీనికి పది నిమిషాలు పడుతుంది, కాగితాలు తీయడానికి అర నిమిషం. మీరు ఇంట్లో ప్రింటరు కొనిచ్చారని రాశారు. మంచిదే. ఆయన వాడటం లేదని బాధపడకండి.

తరవాత ట్రెజరీ. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మీ నాన్నగారికి పనికొచ్చేది ఇదే.

ఈ జులైకి నాకు 70 నిండుతాయి. 2022 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం 70 నిండితే 7 శాతం, 75 నిండితే 12 శాతం అదనపు పెన్షన్ వస్తుంది. అంతకు ముందు 70కి 10 శాతం ఉండేది, ఆ మూడు శాతం మీద మా సంఘాలు ఇప్పటికీ అర్జీలు పెడుతూనే ఉన్నాయి. ఈ లెక్క మొత్తం పుట్టిన తేదీ మీద నడుస్తుంది. నా తేదీ సరిగ్గానే ఉంది. మా ఆవిడ తేదీ పీపీవోలో అసలు లేదు. "జీవిత భాగస్వామి" అన్నచోట పేరు ఉంది, పుట్టిన తేదీ గడి ఖాళీ. 2016లో నేనే చూసుకోలేదు. వందలమంది పిల్లల పుట్టిన తేదీలు అడ్మిషన్ రిజిస్టర్లో దిద్దినవాణ్ణి, ఇంట్లో మనిషిది వదిలేశాను.

నేను పోయాక ఆవిడకి వచ్చేది ఫ్యామిలీ పెన్షన్. ఆవిడకి 70 నిండినప్పుడు అదనం రావాలంటే ఆవిడ పుట్టిన తేదీ కాగితంలో ఉండాలి. లేకపోతే అప్పుడు పరిగెత్తాల్సింది ఆవిడే, ఒంటరిగా. ఇది ఇప్పుడే, మనిషి బతికుండగా, సంతకం పెట్టగలిగినప్పుడే దిద్దించుకోవాలి. పీపీవో ఇచ్చిన ఆఫీసే దాన్ని దిద్దాలి. మా జడ్పీ టీచర్లలో చాలామందికి లోకల్ ఫండ్ ఆడిట్ వాళ్లు ఇస్తారు, ప్రభుత్వ స్కూళ్ల వాళ్లకి ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసు నుంచి వస్తుంది. మీ నాన్నగారి పీపీవో మీద ఎవరి సంతకం ఉందో చూడండి. మీ అమ్మగారి పేరు కూడా చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు వెనక, పీపీవోలో ముందు, బ్యాంకులో పొడి అక్షరం. మూడు చోట్ల ముగ్గురు ఆడవాళ్లు ఉన్నట్టు ఉంటుంది. బతికున్నప్పుడు ఒక అర్జీతో పోయేది, ఆ తరవాత అఫిడవిట్లు, సాక్షులు దాకా పోతుంది.

నేను అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని, తేదీ చూసుకుని వచ్చాను. స్టాంపు లేకుండా ఏ కాగితం ఇచ్చినా ఇవ్వనట్టే లెక్క.

అక్కడి నుంచి పోస్టాఫీసు. సీనియర్ సిటిజన్ స్కీములో డబ్బు వేశాను, 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి పడుతుంది. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి ఒకటో తారీఖుల్లో. జనవరి వడ్డీ పాసుబుక్కులో ఎక్కించుకుందామని వెళ్లాను. "లింకు లేదు మాస్టారూ" అన్నారు. లింకు లేదంటే ఇక వాదించేదేముంది? పావుగంట కూర్చుని లేచి వచ్చేశాను. ఇంతకు ముందైతే లింకు వచ్చేదాకా మధ్యాహ్నం రెండు దాకా అక్కడే ఉండేవాణ్ణి. మీ నాన్నగారు ఆ రోజు మెట్ల మీద కూలబడ్డది ఇలాంటి ఎదురుచూపులోనే అయ్యుంటుందని నా అనుమానం. ఒక నియమం పెట్టుకోమనండి: పావుగంటలో కదలని లైను నుంచి బయటికి వచ్చేయాలి. ఆ వడ్డీ ఎక్కడికీ పోదు.

పన్నెండు దాటాక హిందీ పండిట్ గారి ఇల్లు. అసలు నా రూటు గీసేదే ఈ ఇల్లు. కౌంటర్ల పని పొద్దున్న, పన్నెండింటికల్లా ఎవరో ఒక తెలిసినవాళ్ల ఇంట్లో. అక్కడ బాత్రూము ఉంటుంది, మంచినీళ్లు ఉంటాయి, ఫ్యాను కింద కుర్చీ ఉంటుంది. నామోషీ లేదు. వెళ్లగానే ఆయన నన్ను ఏమీ అడగకుండా పెరటి వైపు చెయ్యి చూపిస్తాడు. ఆయన బాధా అదే. వాళ్ల ఆవిడ గోంగూర పచ్చడి, పెసరకట్టుతో అన్నం పెట్టింది. తిన్నాక ఇద్దరం చెరో వాలుకుర్చీలో అరగంట కునుకు తీశాం. ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇరవై ఏళ్లు ఒకే స్టాఫ్‌రూములో కూర్చున్నవాళ్లకి మాటలు అంత అవసరం లేదు.

బయల్దేరబోతుంటే ఒక సంగతి చెప్పాడు. మా వాళ్లలో ఒకరికి "మీ లైఫ్ సర్టిఫికెట్ ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వచ్చిందట. చెప్పేశాడు. ఖాతాలో ఉన్నదంతా పోయింది. ఈ ముక్క మీ నాన్నగారికి పదిసార్లు చెప్పండి: లైఫ్ సర్టిఫికెట్ కోసం, అంటే బతికే ఉన్నామని మేం ఏటా ఇచ్చే రుజువు కోసం, ట్రెజరీ వాళ్లు గానీ బ్యాంకు వాళ్లు గానీ ఫోన్ చేసి ఓటీపీ అడగరు. ఎవరడిగినా ఫోన్ పెట్టేయడమే.

రెండున్నరకి డ్రిల్లు మాస్టారి ఇల్లు. ఆయన 2020లో రిటైరై 2022లో పోయారు. వాళ్ల ఆవిడ ఒక్కతే ఉంటుంది. నాకు కబురు పెట్టి నాలుగు నెలలైంది, నేనే అశ్రద్ధ చేశాను. వెళ్లేసరికి బ్యాంకు పాసుబుక్కు, కళ్లజోడు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. "అన్నయ్యగారూ, పెన్షన్ తగ్గిపోయింది. పోయినేడాది నుంచీ తక్కువ పడుతోంది. ఎవరో కొట్టేస్తున్నారు, బ్యాంకులో అడిగితే మాకు తెలీదంటున్నారు" అంది. గొంతు తగ్గించి అంది, గోడలు వింటాయన్నట్టు.

ఎవరూ కొట్టేయలేదు. ఫ్యామిలీ పెన్షన్ మొదట ఎక్కువ రేటులో, చివరి జీతంలో సగం లెక్కన వస్తుంది. అది ఏడేళ్లు, లేదా పోయిన మనిషికి 65 నిండే తేదీ, ఏది ముందైతే అప్పటిదాకా. ఆ తరవాత 30 శాతానికి దిగుతుంది. డ్రిల్లు మాస్టారు బతికుంటే 2025లో 65 నిండేవి. అప్పుడు దిగింది. నేను గోడకున్న పాత క్యాలెండరు కాగితం ఒకటి చించి, వెనక లెక్క వేసి చూపించాను. మొదట సగం, తరవాత నూటికి ముప్పై, దాని మీద డీఏ, అంటే కరువు భత్యం. ఆవిడ కాగితం చాలాసేపు చూసింది. "అయితే ఎవరూ మోసం చేయలేదన్నమాట" అంది. తరవాత లేచి వెళ్లి టీ పెట్టింది. పాలు తక్కువగా ఉన్నాయి టీలో. డబ్బు తగ్గిందని పాల ప్యాకెట్టు సగానికి తగ్గించుకుందని వాళ్ల పక్కింటావిడ తరవాత చెప్పింది.

ఇదే ముక్క ఆవిడకి ఎవరైనా పోయినేడాదే చెప్పి ఉంటే బాగుండేది. ట్రెజరీ నుంచి ఒక ఉత్తరం వచ్చినా బాగుండేది. రాదు. మీ నాన్నగారి లాంటి వాళ్లు సంచీ వేసుకుని తిరగడం వల్ల జరిగే పని ఇది. ఆయన ఇంటికి వచ్చి మీతో "ఫలానా మాస్టారింటికి వెళ్లాను" అని మాత్రమే చెప్తారు. అక్కడ ఎవరి ఫారం నింపారో, ఎవరికి ఏ లెక్క చెప్పారో చెప్పరు. అడిగి చూడండి.

నాలుగింటికి చెంచుపేటలో సోషల్ మాస్టారి ఇల్లు. ఆ రోజు అసలు బయల్దేరింది ఈ ఇంటికే.

ఆయనకి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయవు. మాట ముద్దగా వస్తుంది. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మా ఆంధ్రాలో ఈమధ్య దీనికి జనవరి, ఫిబ్రవరి నెలలు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకి నవంబరు. తెలంగాణ వాళ్లకి గడువులు వేరు, వాళ్లకి సెల్ఫీతో చేసుకునే టీ యాప్ ఫోలియో కూడా ఉంది. మీ నాన్నగారు ఆంధ్రా పెన్షనరు కాబట్టి ఫిబ్రవరి నెలాఖరు లోపల ఇవ్వాలి. ఇవ్వకపోతే మార్చి పెన్షన్, అంటే ఏప్రిల్ ఒకటిన పడాల్సింది, ఆగిపోతుంది.

పోయినేడు ఆయన్ని ఆటోలో కూర్చోబెట్టి సెంటరుకి తీసుకెళ్లారట. వేలిముద్రలు పడలేదు. మా వేళ్లకి ముద్రలు ఉండవు బాబూ, సగం వయసు తినేసింది, సగం చాక్‌పీసు తినేసింది. అక్కడి కుర్రాడు "తాతగారూ, వేలు తలకి రాయండి, నూనె అంటుతుంది" అంటాడు. తల మీద జుట్టే లేదు. గంటన్నర పట్టి, ఆయన అందరి ముందూ ఏడ్చేశాడట.

అందుకని ఈసారి నా ఫోన్లో చేద్దామని వెళ్లాను. లైఫ్ సర్టిఫికెట్ ఆధార్‌తో ఆన్‌లైన్లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014 నుంచి ఉంది, మొహం చూపించి చేసే పద్ధతి 2021లో వచ్చింది. రెండు యాప్‌లు కావాలి: ఆధార్ ఫేస్ ఆర్‌డీ అని ఒకటి, జీవన్ ప్రమాణ్ అని ఒకటి. ముందు ఫోన్ ఎవరిదైతే వాళ్లు ఆపరేటరుగా తమ ఆధార్, తమ మొహం చూపించాలి. ఇది ఒకసారే. ఆ తరవాత పెన్షనరు వివరాలు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు: రాష్ట్ర ప్రభుత్వం, ఆంధ్రప్రదేశ్, పెన్షన్ ఇచ్చేది ట్రెజరీ, ఆ ట్రెజరీ ఏది అన్నవి సరిగ్గా ఎంచుకోవాలి. బ్యాంకు అని నొక్కితే సర్టిఫికెట్ తయారవుతుంది కానీ అది వెళ్లాల్సిన చోటికి వెళ్లదు. మనం ఇచ్చేశాం అనుకుంటాం, ఏప్రిల్‌లో పెన్షన్ రాదు. చివర్లో కెమెరా ముందు మొహం పెట్టి కళ్లు ఆర్పాలి. అదే చిక్కు వచ్చింది.

ఆయన కుడి కన్ను సరిగ్గా మూసుకోదు. యాప్ "కళ్లు ఆర్పండి" అంటుంది. ఎడమ కన్ను మూస్తాడు, కుడిది సగంలో ఆగుతుంది. పోతుంది. మళ్లీ మొదటి నుంచి. నాలుగుసార్లు పోయింది. ఆయన మొహం ఎర్రబడింది. వాళ్లబ్బాయి "వదిలేయండి అంకుల్, మళ్లీ సెంటరుకి తీసుకెళ్తాను" అన్నాడు. ఆ మాట వినగానే ఆయన ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకున్నాడు.

మంచం కిటికీ వైపు జరిపించాం. వెలుతురు ఎదురుగా పడాలి, వెనక నుంచి కాదు. వెనక గోడకున్న దేవుడి పటాలు తీయించాను, ఖాళీ గోడ కనపడేలా. తల వెనక రెండు దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాం. కాసేపు ఫోన్ పక్కన పెట్టి వేరే కబుర్లు మొదలుపెట్టాను. మేమిద్దరం కొల్లూరు అవతల ఒక లంక ఊళ్లో పనిచేశాం. కృష్ణ దాటి వెళ్లాలి. రేవులో ఎవరు ముందు వస్తే వాళ్లు రెండో వాళ్ల కోసం పడవ ఆపాలి. పడవ తప్పితే మళ్లీ గంట. "పడవ దొరికిందా?" అన్నదే మా గుడ్‌మార్నింగు. 2009 అక్టోబరు వరదకి బడి మొత్తం మునిగితే, ఇద్దరం తడిసిన అడ్మిషన్ రిజిస్టర్లు కట్ట మీద ఎండబెట్టి, పేజీ పేజీకీ మధ్య న్యూస్ పేపరు ముక్కలు పెట్టాం. ఇవన్నీ చెప్తుంటే ఆయన నవ్వాడు. నవ్వితే మొహం ఒక పక్కకే వెళ్తుంది, అయినా నవ్వే. ఆ సడలింపులో ఫోన్ ఎత్తాను. కళ్లు ఆర్పాడు. పచ్చ గీత వచ్చింది. ప్రమాణ్ ఐడీ మెసేజ్ వాళ్లబ్బాయి ఫోన్‌కి వచ్చింది.

ఆయన ఏదో అన్నాడు. వాళ్లబ్బాయికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. "పడవ దొరికింది" అన్నాడు.

ఆ తరవాత పెద్ద పనులేం లేవు. బోస్ రోడ్డులో పావుకిలో బెల్లం జిలేబీ కట్టించుకున్నాను, అది నాకు కాదు, మా ఆవిడకి. నడిచి వస్తూ ఒక ముక్క తిన్నాను, ఈ మాట ఆవిడకి చెప్పకండి. ఆరింటికి ఇల్లు చేరాను. "ఏం పనులయ్యాయి?" అంటే "పోస్టాఫీసులో లింకు లేదు, రేపు మళ్లీ వెళ్లాలి" అన్నాను. "మీకు లింకు లేకపోతేనే సంతోషం" అంది.

ఇక మీరు చేయాల్సినవి. కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు, ఇన్సూరెన్సు ప్రీమియం, ఇలా మనిషి మొహం చూడక్కర్లేని పనులు మీరు ఫోన్లో చేసేయండి, ఆయన్ని అడగకుండానే. ఆయన సంతకం, ఆయన మాట అవసరమైన పనులు ఆయనకి వదిలేయండి. డిపాజిట్ల వడ్డీ మీద టీడీఎస్, అంటే బ్యాంకు ముందే కోసే పన్ను, లెక్క కూడా మీరు చూడొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 60 దాటిన వాళ్లకి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటితేనే కోస్తారు, అంతకు ముందు 50 వేలు ఉండేది. ఇది తెలియక ఊరికే కంగారుపడి ఫారాలు పట్టుకుని తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు.

లైఫ్ సర్టిఫికెట్ మాత్రం ఆయన ఫోన్లోనే, ఆయన చేతే చేయించండి. మీరు వీడియో కాల్‌లో దారి చెప్పండి, చాలు. ఒకసారి నేర్చుకుంటే ఆయన వీధిలో పదిమందికి చేసిపెడతారు. లెక్కల మాస్టారు కదా, తప్పు నొక్కేవాళ్లని కేకలు కూడా వేస్తారు.

ఊరు దాటి వెళ్లే రోజైతే ఆర్టీసీ బస్సు ఎక్కమనండి, 60 దాటిన వాళ్లకి 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ చూపిస్తే చాలు. రైల్లో మాకుండే రాయితీ 2020 మార్చిలో పోయింది, మళ్లీ రాలేదు. ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టే లేదు కాబట్టి మీ అమ్మగారిని కూడా వెంట పంపితే ఇంకా మంచిది. మా ఆవిడ అలాగే మొదలుపెట్టింది, "ఖర్చేముంది" అంటూ. ఆవిడ వెంట ఉన్న రోజు నేను నీళ్లు తాగకుండా తప్పించుకోవడం కుదరదు.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు నీళ్ల సంగతి, బాత్రూము సంగతి నేరుగా అడగండి. సిగ్గుపడి మాట మారుస్తారు, వదలకండి. ఆ వెంటనే పీపీవోలో మీ అమ్మగారి పుట్టిన తేదీ ఉందో లేదో చూసి చెప్పమనండి. ఆ కాగితం ఏ బీరువాలో పెట్టారో వెతకడానికే ఆయనకి ఒక పూట పడుతుంది.